ఫోటో చుట్టూ పసుపు గీత

కడపలో నేను డీటీపీ చేసిన ప్రెస్సులో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి నాది, రెండోది పెద్దాయనది. సీసపు అక్షరాలు పేర్చిన కాలం నుంచీ ఆయన ఆ ప్రెస్సులోనే ఉన్నాడు. ఆయన మానిటరుకూ వయసైపోయి తెరంతా పసుపుపచ్చకు తిరిగింది. తెల్ల కాగితం కూడా అందులో పసుపుగానే కనబడేది. మార్చమని ఆయన అడిగేవాడు కాదు, ఓనరు మార్చేవాడు కాదు.

ఒకరోజు మైదుకూరు వ్యాపారి ఒకాయన వచ్చి కార్డుల కట్ట కౌంటరు మీద విసిరికొట్టాడు. వాళ్ల నాయన కర్మక్రియల కార్డులవి. పోయిన మనిషి ఫోటో చుట్టూ, పెళ్లిపత్రికకు పెట్టినట్టు, నిండు పసుపు గీత!

"ఏమప్పా, మా నాయన పోయినాడని మేం పండగ చేస్తాండామా?" అన్నాడు. అంత పెద్దమనిషీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కార్డు చేసింది పెద్దాయన. ప్రూఫు నల్ల ఇంకు లేజరు ప్రింటరులో తీస్తాం, సన్నటి పసుపు గీత అందులో కంటికి ఆనదు. "నేను గీతే పెట్టలేదప్పా," అంటాడాయన. ఎవరూ నమ్మలేదు. ఒకటో తారీకు నుంచి రావద్దని ఓనరు చెప్పేశాడు. నేనైనా ఊరుకున్నానా? "వయసైపోయిందన్నా, యాడ నొక్కుతాండాడో ఆయనకే తెలీదు. నేను రుజువు చేస్తా సూడు," అని ఓనర్ని ఎగదోశాను.

అప్పుడప్పుడే స్క్రిప్టులు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, రాయడం నేర్చుకుని మహా గర్వంగా తిరుగుతున్న రోజులవి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగు ఎలా ఉందో అన్నీ చదివి ఒక చిన్న పెట్టెలో చూపించే స్క్రిప్టు రాశాను. పెద్దాయన కంప్యూటర్లో పెట్టి నడిపాను.

కొలత: అంగుళాలు. అక్షరం సైజు: పన్నెండు. కొత్త ఫ్రేము గీత రంగు: అక్కపెళ్లి.

ఆ వరుస మళ్లీ చదివాను.

ఆ పేరు పెట్టింది నేను. నా కంప్యూటరు రిపేరులో ఉన్నప్పుడు మా అక్క పెళ్లిపత్రిక ఈ మిషన్ మీదే చేశాను. తెర మీద రంగు తెలీదు గనక అంకెలు వేసి పసుపు కలిపి, ఆ పేరు పెట్టి, ఏ పేజీ తెరవకముందే గీత రంగుగా ఎంచుకున్నాను. అలా ఎంచుకుంటే ఆ తర్వాత తెరిచే ప్రతి కొత్త పేజీలోనూ ఫోటో ఫ్రేము చుట్టూ అదే గీత దానంతటదే పడుతుంది. పెద్దాయన ఎప్పుడూ పాత కార్డే తెరిచి పేర్లు మార్చేవాడు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. వ్యాపారి పెద్ద సైజు అడిగాడని ఈసారి కొత్త పేజీ తెరిచాడు, అంతే.

చటుక్కున ఓకే నొక్కేశాను. పెట్టె మాయమైంది. అంత పిరికివాణ్ణని నాకే తెలీదు.

"ఏముండాదప్పా దాంట్లో?" ఓనరు కౌంటరు దగ్గర్నుంచే కేకేశాడు.

"ఏం తెలీలేదన్నా."

వెనక్కి తిరిగితే పెద్దాయన నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. మా అక్క పెళ్లికొచ్చి, అక్షింతలేసి, అన్నం తిని పోయిన మనిషి. తిడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యేశాడు.

"ఇంగోసారి నొక్కప్పా," అన్నాడు మెల్లగా. "ఓనరు ఇంగా సూళ్లేదు."

నొక్కాను. పెట్టె మళ్లీ వచ్చింది. ఓనరు లేచి వచ్చేలోపే ఆ మూడో వరుస నేనే గట్టిగా చదివాను.