పరిమితంగా అంటే ఎంత?

పిల్లల పోటీ నమూనాల్లో పెద్దవాళ్ల చెయ్యి ఎంతవరకు ఉండాలనే విషయం మీద మాకు తెలిసినవాళ్లలో మాట్లాడనివాళ్లు లేరు. మా బావ మాట్లాడాడు. బడిలో సార్లు మాట్లాడారు. రేపల్లె స్టేషన్‌లో నా పక్కన రైలు కోసం నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఆయన కూడా మాట్లాడాడు. నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ వ్యవహారంలో నష్టపోయింది మా ఇల్లు. అయినా అడగలేదు. నేనే పోటీ పెట్టినవాళ్లకు ఫోన్ చేశాను, మనిషి చేత కబురు పంపాను, స్వయంగా బాపట్ల వెళ్లి వచ్చాను. చెబితే వినేవాళ్లు లేనప్పుడు రాయడం తప్ప మనిషికి ఇంకో దారి లేదు.

నాకు రేపల్లెలో పైపులు, కుళాయిలు అమ్మే కొట్టు ఉంది. ఒక్కతే కూతురు. పోయినేడు ఎనిమిదో తరగతి చదివింది. బాపట్లలో ఒక సంఘం వాళ్లు ఏటా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు నమూనాల పోటీ పెడతారు. పనిచేసే నమూనా ఏదైనా తయారుచేసి తీసుకెళ్లి, న్యాయనిర్ణేతల ముందు నడిపించి చూపించాలి. అమ్మాయి బడి నుంచి తెచ్చిన కాగితంలో నిబంధనలు ఉన్నాయి. నమూనాను విద్యార్థి స్వయంగా తయారుచేయాలి. తల్లిదండ్రుల సహకారం పరిమితంగా ఉండవచ్చు.

కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసి, పరిమితంగా అంటే ఎంత అని అడిగాను.

“అంటే మరీ ఎక్కువ కాకుండా అండి,” అన్నాడు అవతలాయన.

“ఎక్కువంటే ఎంతండి?”

“మీకు తెలియనిదేముందండి.”

“తెలియకే కదండీ ఫోన్ చేసింది.”

సార్‌ను అడిగి చెబుతానన్నాడు. మళ్లీ చేస్తే సార్ భోజనానికి వెళ్లారన్నాడు. ఆ తర్వాత చేసినప్పుడల్లా ఫోన్ మోగేది, ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. సార్ ఇంకా భోజనం చేస్తూనే ఉన్నారని నేను అనుకోవాలి.

జవాబు రాకపోతే మనిషి తన హద్దు తానే గీసుకోవాలి. నేను గీసుకున్నాను. సహకారం అసలు ఉండదు. మోత ఒక్కటే నాది, ఎందుకంటే పిల్ల మోయలేదు. చేత్తో ముట్టుకోను, నోటితో చెప్పను. ఈ మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అందరూ అంటే ఇద్దరు. మా ఆవిడ టీవీ చూస్తూ సరేనంది. అమ్మాయి, కొట్టు నుంచి కూడా ఏమీ అడగనులే నాన్నా అంది. అడగలేదు కూడా.

కాలువలకు మా ఊరు చివర ఉంటుంది. పైనున్న ఊళ్లవాళ్లు తూములు బార్లా తెరిచి పెట్టుకుంటే, మా దాకా వచ్చేసరికి కాలువలో బురద మిగులుతుంది. పైవాళ్లు వంతుల ప్రకారం తూములు మూస్తే చివరి పొలానికి కూడా నీళ్లు అందుతాయని చూపించడం అమ్మాయి ఆలోచన. మా అత్తగారి ఊరు భట్టిప్రోలు. నాట్ల రోజుల్లో అక్కడ అరుగుల మీద నీళ్ల గురించి అనుకునే మాటలు విని తెచ్చుకుంది. కొన్ని మాటలు నమూనాలో పెట్టడానికి పనికిరావు, వాటిని వదిలేసింది.

పాత అల్మారా చెక్క ఒకటి తీసుకుని దాని మీద మట్టి పరిచింది. చిరిగిన ఫ్లెక్సు ముక్కను మడిచి కాలువ చేసింది. బొమ్మ ఉన్న వైపు నున్నగా ఉంటుందని ఆ వైపే పైకి పెట్టింది. దానివల్ల కాలువ అడుగున ఎవరో నాయకుడి జోడించిన చేతులు కనిపించేవి. ఐస్‌క్రీం పుల్లలు అతికించి తూములకు తలుపులు పెట్టింది. మడుల్లో వడ్లు చల్లి నీళ్లు చిలకరిస్తే, పోటీ దగ్గరపడే సరికి పచ్చగా నారు లేచి నిలబడింది. నా కూతురని చెప్పడం కాదు, ఆ నారు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

ఇదంతా మా వరండాలో చేసింది. వరండా సంగతి కూడా చెప్పాలి. మా ఇల్లు కట్టిన మేస్త్రి మొదట దాన్ని బల్లపరుపుగా చేసి వెళ్లిపోయాడు. కడిగిన నీళ్లు కడిగినచోటే నిలిచేవి. వాటం పెట్టలేదేంటయ్యా అంటే, ఎండకు ఆరిపోతాయి కదండీ అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఇంకో మేస్త్రిని పిలిచి, దగ్గర నిలబడి, వీధి వైపుకు వాటం పెట్టించి గచ్చు మళ్లీ చేయించాను. ఇప్పుడు గోడ దగ్గర చెంబెడు నీళ్లు పోస్తే చీపురు పెట్టకుండానే మెట్లు దిగి వెళ్లిపోతాయి. మా వీధిలో అలాంటి వరండా ఇంకొకటి లేదు.

అమ్మాయి చెక్కను గోడ నుంచి వీధి వైపుకు నిలువుగా పెట్టుకుంది. గోడ వైపు నీళ్ల డబ్బా, వీధి వైపు చివరి మడి. డబ్బా తెరిస్తే నీళ్లు గలగలమంటూ వెళ్లి చివరి మడిలో పడేవి. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే పారించి చూసేది. మా ఆవిడ చూసి మురిసిపోయేది. నేను మొదటిరోజే చూశాను. పారుతున్నది కాలువ కాదు, వరండా.

బాపట్లలో దీన్ని బల్ల మీద పెడతారు. బల్లకు వాటం ఉండదు. ఈ మాట నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఆలోచించండి. మట్టి పరచడం, పుల్లలు అతికించడం ఎవరైనా చేస్తారు. నీళ్లు ఎందుకు పారుతున్నాయో కనుక్కోవడమే ఇందులో అసలు పని. అది నేను చెప్పేస్తే ఇక పిల్లకు మిగిలేది జిగురు. ఒకరోజు తుడవడానికి చెక్కను అడ్డంగా తిప్పింది. ఇప్పుడు కనుక్కుంటుందని కొట్టుకు వెళ్లకుండా ఆగాను. తుడిచి మళ్లీ నిలువుగా పెట్టేసింది. నేను కొట్టుకు వెళ్లిపోయాను.

అదే పోటీకి తెనాలి నుంచి మా బావ కూతురు కూడా వస్తోంది. బావ అంటే మా ఆవిడకు అన్నగారు. ఆయన గృహప్రవేశంలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లు ఉన్నారు. బావ వాళ్లలో ఒకరికి చెప్పి ఫైబర్‌తో మనిషి గుండె చేయించాడు. లోపల చిన్న మోటారు పెట్టారు. ఎర్ర నీళ్లు ఒక వైపు, నీలం నీళ్లు ఒక వైపు తిరుగుతాయి. దేవుళ్లను చేసే చెయ్యి కాబట్టి ఆ గుండెకు కూడా ఒక ప్రశాంతత వచ్చింది. ఐడియా పిల్లది బావగారూ, చేయించడం వరకే మనం అని బావ ఫోన్‌లో చెప్పాడు. చేయించడం పోగా ఇంకేం మిగిలిందని అడిగాను. నవ్వి, మీరేం చేయట్లేదా, పాపం పిల్ల అన్నాడు.

పోటీ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. భోజనాల బల్లలు వరసగా వేసి, వాటి మీద విందుల్లో పరిచే కాగితం చుట్ట పరిచారు. నేను చెక్క మోసుకొచ్చి బల్ల మీద దించి బయటికి వచ్చేశాను. చుట్టూ తాడు కట్టి తల్లిదండ్రులను తాడు అవతల నిలబెట్టారు. తెనాలి నుంచి వచ్చిన విగ్రహాల ఆయన మాత్రం తాడు లోపల ఉన్నాడు, గుండెకు వైర్లు కలపాలట. ఆయనకు టీ ఇచ్చారు. నేను అడిగితే అయిపోయిందన్నారు. ఆ తర్వాత కూడా కెటిల్ నా ముందు నుంచే పోయింది.

న్యాయనిర్ణేతలు ఇద్దరు, ఒక సార్, ఒక మేడమ్. ముందు గుండె దగ్గర ఆగారు. ఇందులో నువ్వేం చేశావమ్మా అని మేడమ్ అడిగారు. రంగులు సెలెక్ట్ చేశానండి అని బావ కూతురు ఉన్నది చెప్పింది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. తర్వాత మా అమ్మాయి దగ్గరికి వచ్చారు. నాన్నగారు ఏం చేస్తారని సార్ అడిగారు. పైపుల కొట్టండి అంది. ఆయన మేడమ్ వైపు చూసి తల ఊపారు. నమూనాలో పైపు ముక్క ఒక్కటి కూడా లేదు. అది ఆయన చూడలేదు.

అమ్మాయి డబ్బా తెరిచింది. నీళ్లు కాలువలో కొంచెం దూరం వెళ్లి నిలబడ్డాయి. ఇంకొన్ని పోసింది. మొదటి మడి నిండి పొర్లింది, బల్ల మీద కాగితం తడిసింది. చివరి మడి పొడిగానే ఉంది.

“రావట్లేదేంటమ్మా?” అన్నారు సార్.

“వస్తాయండి. ఇంటి దగ్గర వచ్చాయండి.”

నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాడినో నాకు తెలియదు. వంగి, బల్లకు చెంప ఆనించినట్టు పెట్టి, ఒంటికన్నుతో చెక్కను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. లేచి, తన సంచిలోంచి టిఫిన్ బాక్సు తీసి డబ్బా వైపు చెక్క కింద దూర్చింది. నీళ్లు కదిలాయి. నాయకుడి చేతుల మీద నుంచి జారి చివరి మడి దాకా వెళ్లాయి. నేను మెడ పక్కకు వంచి చూశాను. అంత దూరం నుంచి నీళ్లు చేరాయో లేదో చూడాలంటే ఎవరైనా మెడ వంచుతారు.

“ఎవరండీ మీరు, సైగలు చేస్తున్నారు?” అన్నారు సార్.

హాల్లో అందరూ నా వైపు చూశారు. బావ కూడా చూశాడు. పిల్ల తండ్రినని చెప్పాను. అదే అనుకున్నానన్నారు ఆయన. మేడమ్ ఏదో రాసుకున్నారు. చెక్క కింద బాక్సు పెట్టింది ముందు, నేను మెడ వంచింది తర్వాత. ఈ వరస చెప్పబోతే, తాడు లోపలికి రాకండి అన్నారు. నేను లోపలికి రాలేదు, నా చెయ్యి వచ్చింది.

గుండెకు మొదటి బహుమతి వచ్చింది. మాకు ఏదీ రాలేదు. సార్ కారెక్కుతుంటే వెంటబడి అడిగాను. మీ అమ్మాయి చురుకైనదేనండి, మీ సాయమే కాస్త ఎక్కువైంది అన్నారు. ఎంతవరకు ఉండొచ్చండి అన్నాను. పరిమితంగా ఉండాలండి అని తలుపు వేసుకున్నారు.

బాపట్ల నుంచి తెనాలి దాకా అందరం ఒకే పెట్టెలో వచ్చాం. గుండెకు సీటు దొరికింది. మా చెక్కను తలుపు దగ్గర కింద పెడితే, దిగేవాళ్లు నారు దాటుకుంటూ దిగారు. తెనాలిలో బావ వాళ్లు వెళ్లిపోయాక మేం రేపల్లె రైలెక్కాం. వేమూరు దాటాక అమ్మాయి నోరు తెరిచింది.

“నాన్నా, బల్ల మీద పారదని నీకు ముందే తెలుసా?”

అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. తెలుసన్నాను.

“ఎప్పట్నుంచి?”

“మొదటిరోజు నుంచి.”

“మరి చెప్పలేదే?”

“చెబితే అది నాదైపోతుంది. నువ్వే కనుక్కున్నావు కాబట్టి నీది.”

“ఆయన నీదే అన్నాడుగా,” అంది.

భట్టిప్రోలులో కిటికీ పక్కన సీటు ఖాళీ అయితే లేచి వెళ్లి అక్కడ కూర్చుంది. రేపల్లె దాకా ఇటు తిరగలేదు.

ఇంట్లో మా ఆవిడ సంగతంతా వింది. అన్నం పెట్టాక మొదలుపెట్టింది.

“రోడ్డు మీద పోయేవాడు బండి స్టాండు తీయకపోతే కేకేసి మరీ చెప్తారు. వాడెవడో కూడా తెలీదు మీకు. కన్నకూతురికి చెప్పలేకపోయారా?”

“చెప్పకూడదని నిబంధన.”

“స్టాండు గురించి చెప్పమని నిబంధన ఉందా?”

దీనికి నా దగ్గర జవాబు ఉంది. స్టాండు తీయనివాడు పడితే కాలు విరుగుతుంది, నీళ్లు పారకపోతే ఏమీ విరగదు. ఆ మాటే అన్నాను. విరగదా అని అడిగి, కంచం తీసుకుని లోపలికి వెళ్లింది.

సార్ నా సాయం ఎక్కువైందన్నారు. మా ఆవిడ తక్కువైందంటోంది. ఒకే పనికి రెండూ ఎలా అవుతాయి? బావను అడిగితే ఇద్దరూ కరెక్టే బావగారూ అన్నాడు. మళ్లీ బాపట్ల వెళ్లి సంఘం ఆఫీసులో అడిగితే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, సార్ వస్తారని చెప్పి, పొద్దుగూకాక తాళం వేసుకోవాలండి అన్నారు.

అమ్మాయి నాతో మాట్లాడదని కాదు. మాట్లాడుతుంది. అడగడం మానేసింది. ఇదివరకు లెక్కల్లో ఏదైనా పాలుపోకపోతే పుస్తకం పట్టుకుని కొట్టుకు వచ్చేది. సైకిల్ చైన్ ఊడితే ఇంటి బయట నిలబడి నాన్నా అని పిలిచేది. ఇప్పుడు లెక్కలు ఫోన్‌లో చూసుకుంటుంది. చైన్ తనే ఎక్కించుకుని, నల్లబడ్డ చేతులు నా ముందు నుంచే వెళ్లి కడుక్కుంటుంది. అడిగితే చెప్పనని నేను ఎప్పుడూ అనలేదు. ఈ తేడా ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఈ ఏడు మళ్లీ కాగితం వచ్చింది. అదే నిబంధన, అక్షరం మారలేదు. పాల్గొనదేమో అనుకున్నాను. మొదలుపెట్టింది. మా వైపు వడ్లు రోడ్ల మీద ఆరబోస్తారు, వాన చినుకు పడితే ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగెత్తుతారు. చినుకు పడగానే పట్టా దానంతటదే వడ్ల మీదికి జరిగి కప్పే ఏర్పాటు చేస్తోంది. ఈసారి ముందే మంచం కోడు, ఇటుక, పీట అన్నీ నమూనా కింద పెట్టి, ఏ వాటానికైనా పనిచేస్తుందో లేదో చూసుకుంది. పని చేస్తూ మధ్యలో తలెత్తి నా మొహం చూస్తుంది. అందుకని మొహం కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. అది ఎంత కష్టమో న్యాయనిర్ణేతలకు తెలియదు.

పట్టాను లాగేది నూలు పురి, అంటే పేనిన సన్న తాడు. చిన్న రంధ్రాల్లోంచి దూర్చి కట్టింది. ఇప్పటిదాకా పొడి పురితోనే లాగి చూసుకుంది, చక్కగా జారుతోంది. నూలు పురి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది. వానకోసం చేసిన ఏర్పాటు వానలోనే ఆగిపోతుంది. నిన్న సాయంత్రం ఇది చూశాను. ఈసారి మింగలేదు. నాకొకటి కనిపించింది, చెప్పమంటావా వద్దా అని అడిగాను.

పురి ముడి వేస్తూ, తల ఎత్తకుండా, “నీ ఇష్టం నాన్నా,” అంది.

ఇది జవాబు కాదు. నా ఇష్టం నాకు తెలుసు, దాన్ని పట్టుకునే కదా పోయినేడంతా ఇంట్లో ఇలా బతికాను. పోటీ వచ్చే ఆదివారం. సంఘం సార్ భోజనం ముగించి చెబుతారో, కారు తలుపు వేసుకున్న ఆయన అద్దం దించి చెబుతారో, మా ఆవిడ చెబుతుందో, అమ్మాయే చెబుతుందో నాకు తెలియదు. చెప్పమంటే ఇప్పుడే వెళ్లి చెబుతాను. వద్దంటే నోరు కట్టేసుకుంటాను. ఎవరో ఒకరు, ఆదివారం లోగా, సూటిగా జవాబు చెప్పండి.