మోచేతి మడతలో నూనెచుక్క

ఎస్తేరమ్మ అరచేతులకు వేడి తెలియడం మానేసి చాలా ఏళ్లయింది. భీమవరంలో పాతికేళ్లుగా బాలింతలకూ, పక్షవాతం వచ్చిన ఆడవాళ్లకూ నూనె మర్దనా చేసీ చేసీ అవి ఎండిన తాటిమట్టల్లా తయారయ్యాయి. అందుకే వావిలాకు వేసి కాచిన నువ్వులనూనెను కుంపటి మీద వెచ్చబెట్టాక, ముందుగా ఒక చుక్క తన మోచేతి మడతలో వేసుకుంటుంది. అక్కడ ఓర్చుకోగలిగితేనే ఎదుటివాళ్ల ఒంటికి రాస్తుంది. ఆ తర్వాత కొంగు బొడ్లో దోపుకుని, పీట దగ్గరికి జరుపుకుని, మర్దనా చేసినంతసేపూ ఊళ్లో కబుర్లన్నీ చెబుతూనే ఉంటుంది.

సుభద్రయ్యమ్మగారి ఎడమచెయ్యి పడిపోయి మూడు నెలలైంది. గిల్లినా తెలిసేది కాదు. ఎస్తేరమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి భుజం నుంచి వేలికొసలదాకా రుద్దుతున్నా, ఆ చెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు ఆవిడ ఒళ్లో పడి ఉండేది. ఆ రోజు తన మనవరాలి పదో తరగతి నంబరు పేపర్లో పడిందని చెప్పే సంబరంలో ఎస్తేరమ్మ మోచేతి చుక్క సంగతే మరిచిపోయింది. గిన్నెలో నూనె అరచేతిలోకి ఒంపుకుని, నేరుగా ఆ ముంజేతి మీద పోసింది.

“అబ్బా! కాల్చేశావు కదే, దొంగమొహందానా!” అని అరిచి, సుభద్రయ్యమ్మ ఆ చెయ్యిని జానెడు వెనక్కి లాక్కుంది.

ఎస్తేరమ్మ కొంగుతో నూనె తుడవబోయి, సగంలో ఆగిపోయింది. సుభద్రయ్యమ్మ కూడా నోరు తెరుచుకుని తన ఎడమచేతివంకే చూస్తోంది.

“అమ్మగారండీ,” అంది ఎస్తేరమ్మ, మొహమంతా నవ్వు చేసుకుని. “ఇంకోసారి తిట్టండి.”