జంతికల డబ్బాలో సిగార్లు

అమ్మ జంతికలు దాచుకునే డబ్బాను నేనే తీసేసుకున్నాను. మూతకు రబ్బరు అంచుండి, నాలుగు వైపులా క్లిప్పులతో బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా అది. శనగపిండి వాసన పోయేదాకా మూడుసార్లు కడిగి, రెండు రోజులు బాల్కనీలో ఆరబెట్టాను. జంతికలు స్టీలు గిన్నెలోకి మారాయి. వానాకాలం కదా, వారానికల్లా మెత్తబడ్డాయి.

"నీ చుట్టల కోసం నా జంతికలు చెడగొట్టావు గదరా" అంది అమ్మ.

"చుట్టలు కాదమ్మా, సిగార్లు."

"ఏదైతే ఏంది, ఆకే గదా."

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆకు గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదన్న సంగతి ఆ నవ్వులో ఎక్కడా లేదు.

సిగార్ల పిచ్చి మొదలైంది ఆఫీసులో. మా టీమ్ లీడ్ ఆన్‌సైట్ పని మీద విదేశానికెళ్లి తిరిగొస్తూ అందరికీ తలా ఒక సిగార్ తెచ్చాడు. మిగిలిన వాళ్లు ఆ శనివారమే ఖాజాగూడ రాళ్ల మీద కూర్చుని, దగ్గుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ కాల్చేశారు. నేను దాచుకున్నాను. ఏ వస్తువైనా ముందు దాని గురించి చదవాలి, తర్వాతే వాడాలి అనేది నా పద్ధతి. నేను పేరున్న కాలేజీల్లో చదివినవాణ్ణి కాను. డిగ్రీ దూరవిద్యలో అయింది. నాకొచ్చిన ఇంగ్లీషంతా మూసాపేటలో కిరాయికున్న రోజుల్లో, ఆదివారాలు గ్రంథాలయంలో ఫ్యాను కింద కుర్చీ దొరకబుచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నది. అందుకే మీటింగుల్లో ఎవరైనా ఏదైనా అడిగితే "ఒక పుస్తకంలో చదివాను" అని మొదలుపెట్టడం నాకు అలవాటైంది. ఆ మాట అన్నప్పుడల్లా కాస్త ఎత్తు పెరిగినట్టుండేది.

సిగార్ల మీద కూడా ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఎవరో గ్రంథాలయానికి ఇస్తే, అట్ట ఊడిపోయిందని గ్రంథాలయం వాళ్లు అమ్మేసిన పుస్తకాల గుట్టలోంచి తెచ్చుకున్నాను. అందులో చెప్పిన దేవదారు పెట్టెలు నా జీతానికి అందేవి కావు. కాబట్టి జంతికల డబ్బా. సిగార్లు అమ్మే కొట్టతన్ని బతిమాలి తెచ్చుకున్న ఖాళీ పెట్టె చెక్కలు రెండు అడుగున వేశాను. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేసి ఒక మూలన పెట్టాను. తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి కొన్నాను. పెట్టెలకు పెట్టెలు కొనకుండా నెలకు ఒకటో రెండో విడిగా కొనడం, రెండు కొన్న నెలలో ఒకటి కాల్చి రెండోది దాచడం, రుచి నోట్‌బుక్కులో రాయడం. తొమ్మిది సిగార్లయ్యేసరికి నాకు నేనే ఒక పెద్ద సేకరణకర్తలా కనిపించాను.

మరుసటి వానాకాలంలో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఒక సిగార్‌ను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కుతోంది.

"పదును ఎక్కువైందిరా" అంది. ఆకులో ఉండాల్సిన మెత్తదనాన్ని, తేమను కలిపి అమ్మ వాళ్ల వైపు పదును అంటారు. "ఇట్టా మూసిపెడితే వారంలో బూజు పడుద్ది."

"మీటర్ ఉందమ్మా. చూడు, అంతా సరిగ్గానే ఉంది."

"దానికేం తెలుసు? అది ఎప్పుడన్నా ఆకు పట్టుకుందా?"

వారం తిరక్కుండానే రెండు సిగార్ల మీద తెల్లటి పొడి కనిపించింది. నాకు సంతోషమేసింది. బాగా మాగిన సిగార్ మీద తెల్లటి పొడి తేలుతుందనీ, అది మంచి లక్షణమనీ పుస్తకంలో ఉంది. ఆ పేజీ తెరిచి అమ్మకు బొమ్మ కూడా చూపించాను. ఆమె బొమ్మ వైపు చూడలేదు. సిగార్‌ను వాసన చూసి, "బూజు" అంది. రెండు రోజులకు ఆ తెలుపు నూగులా లేచి, పచ్చబడింది.

ఆ రెండూ పారేశాం. మిగిలిన ఏడింటినీ బతికించింది అమ్మే. పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, పాత చీర ముక్క మీద నీడన పరిచింది. పొద్దునా సాయంత్రం తడిమి చూసింది. మూడో రోజు నన్ను పిలిచి, నా వేళ్లు పట్టుకుని సిగార్ మీద పెట్టింది. "నొక్కు. చప్పుడైతే ఎండినట్టు. అసలే చప్పుడు లేకుండా లోపలికి పోతే తడిసినట్టు. నొక్కినప్పుడు లోపలికి పోయి, వదిలితే మళ్లీ పైకి రావాల, నిద్రపోయే పిల్లోడి బుగ్గలాగ." ఉప్పు మూతను వానాకాలం పోయేదాకా తీసేయమంది. డబ్బాను వంటగది గోడ నుంచి బీరువా అడుగుకు మార్చింది.

ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగు షెడ్డులో అమ్మ ఇరవై ఏళ్లు పనిచేసింది. నేల మీద వరుసగా కూర్చుని, ఆకును రంగును బట్టి, పదును బట్టి వేరుచేసే పని. ఆ జిగురు చేతులకు నల్లగా పట్టేది. చింతపండుతో ఎంత రుద్దుకున్నా చేదు పోయేది కాదు. ఆమె కలిపిన ముద్ద చేదుగా ఉందని నేను చిన్నప్పుడు ఉమ్మేసేవాణ్ణి. ఆ తర్వాత ఆమె నాకు గరిటెతో కలిపి పెట్టడం మొదలుపెట్టింది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియకుండా నేను చూసుకున్నాను.

దసరాకు ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం టీమ్ లీడ్ మణికొండలో మా ఫ్లాటుకొచ్చాడు. నా సేకరణ చూడాలని చాన్నాళ్లుగా అంటున్నాడు. శంషాబాద్ వైపు ఊరతనిది. ఆఫీసులో ఇంగ్లీషు, బయటికొస్తే సొంత మాట. డబ్బా తెరవగానే ఒకటి తీసి నొక్కి చూశాడు.

"కిరాక్ ఉన్నది భయ్! నా తాన ఉన్నయన్ని ఎండి కట్టెలైనయ్. వేలకు వేలు పోసి తెచ్చిన పెట్టెల పెట్టినా గంతే. నువ్వు ప్లాస్టిక్ డబ్బాల ఎట్ల మెయింటేన్ చేస్తున్నవ్?"

చెప్పాను. చెవి దగ్గర పెట్టుకుని నొక్కడం, చప్పుడు, లోపలికి పోయి పైకి రావడం, నీడన చీర ముక్క మీద ఆరబెట్టడం. నిద్రపోయే పిల్లాడి బుగ్గ కూడా వదల్లేదు. అతను కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు.

"గివన్నీ నీకెవరు నేర్పిన్రు?"

అమ్మ అప్పుడే ప్లేటులో జంతికలతో గుమ్మం దగ్గరికొచ్చింది. నేనామెను చూశాను. చూసి కూడా అన్నాను: "ఒక పుస్తకంలో చదివాను."

అతను జంతిక కొరుకుతూ, "అమ్మా, మీ కొడుకు నడిచే లైబ్రరీ అమ్మా. మరి మీరేం చేస్తుంటిరి?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "హౌస్‌వైఫ్."

అమ్మ ప్లేటు బల్ల మీద పెట్టింది. "ఇంకో రెండు వేసుకోండి బాబూ. వాన తగ్గింది గదా, కరకరలాడతన్నాయి" అంది. చేతులు కొంగు కింద దాచుకుని లోపలికెళ్లింది. ఆ చేతుల మీద ఇప్పుడు నలుపు లేదు. షెడ్డు మానేసి చాలా కాలమైంది.

అతను వెళ్లాక అమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. సాయంత్రం టీ ఇచ్చి, పక్కన కూర్చుని అడిగింది. "ఆ పుస్తకం ఇంట్లోనే ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"చదివి వినిపించు. మేం చూసే పద్ధతి ఇంగ్లీషోళ్లకి ఎట్టా తెలిసిందా అని. మా షెడ్డుకి అప్పుడప్పుడు దొరలు వచ్చేవాళ్లులే. మమ్మల్ని చూసే రాసుకున్నారేమో."

ఆమె ఎగతాళి చేయడం లేదు. అది నాకు ముఖం చూడగానే అర్థమైంది. కొడుకు చెప్పాడు కాబట్టి ఆ మాటలు పుస్తకంలో ఉన్నాయని నమ్మింది. తను చేసిన పని అచ్చులో ఉందని సంబరపడుతోంది. అమ్మకు చదువు రాదు. అచ్చులో ఉన్నదేదైనా ఆమెకు గొప్పే. ఆ గౌరవం ఆమెకు నేర్పింది కూడా నేనే.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. దానికి బదులు పుస్తకం తెచ్చి, ఏదో పేజీ తెరిచి, ఇంగ్లీషు వరుసల మీద వేలు నడుపుతూ తెలుగులో కల్పించి చదివాను. ఆడవాళ్లు నేల మీద బారుగా కూర్చుంటారు. ఆకును చెవి దగ్గర పెట్టుకుని పదును చూస్తారు. అమ్మ తలూపుతూ వింది.

"ఆకు కాదు చెవి దగ్గర పెట్టేది, చుట్ట. ఆకునైతే ఈనె వంచి చూడాల" అని పుస్తకాన్ని దిద్దింది. తర్వాత అడిగింది. "చేతులు చేదెక్కుతాయని రాశారా?"

నా వేలు ఆ వరుస మీదే ఆగిపోయింది. రాశారని అంటే సరిపోయేది.

"లేదమ్మా. ఇందులో అదేం లేదు. నేను చదివిందేదీ ఇందులో లేదు."

ఆమె పుస్తకం వైపు, నా వైపు చూసింది. "మరి ఆ అబ్బాయితో అట్టా ఎందుకు చెప్పావు?"

నేను పుస్తకం మూసేశాను. ఆమె టీ గ్లాసులు తీసుకుని లేచి వెళ్లింది.

సోమవారం టీమ్ లీడ్ నుంచి మెసేజ్: 'ఆ బుక్ పేరు పంపు భయ్.' చూసి పక్కన పెట్టాను. మంగళవారం లిఫ్టులో అడిగితే వెతుకుతున్నానన్నాను. గురువారం క్యాంటీన్లో మళ్లీ అడిగాడు. ఈసారి పక్కన మరో ఇద్దరున్నారు. చేతిలో ప్లేటుతో నిలబడే చెప్పాను, పుస్తకం లేదని, మా అమ్మ ఇరవై ఏళ్లు పొగాకు షెడ్డులో కూలికి పోయిందని.

"అరె! గప్పుడే చెప్పొద్దా? అమ్మ ముంగటనే ఉండె గద!" అన్నాడతను. నేను ఇన్నేళ్లు భయపడిందంతా ఆ ఒక్క మాటలో అయిపోయింది.

తర్వాతి ఆదివారం అతను తన చెక్కపెట్టె పట్టుకుని వచ్చాడు. షూ గుమ్మం బయట విప్పి, నేరుగా అమ్మ దగ్గరికెళ్లి నేల మీదే కూర్చున్నాడు. "అమ్మా, జర చూడుండ్రి. వీటికేమైందో నాకైతే సమజైతలేదు."

అమ్మ ఒక సిగార్ తీసి చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. ఆ చప్పుడు నాక్కూడా వినిపించింది. ఏం చేయాలో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయిందని ముఖం చెబుతోంది. అయినా ముందు నా వైపు చూసింది, చెప్పొచ్చా అన్నట్టు.