పూడ్చిన మగ్గం గుంట

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. వరంగల్‌లో మా మిల్లు క్వార్టర్లలో అలాంటివాళ్లకు కొదవ లేదు. అక్కడ పెంకులు పోయి రేకులొచ్చాయి, రేకులు పోయి స్లాబులొచ్చాయి. వరండాలను గదులు చేసుకున్నారు, గదుల మీద అంతస్తులు లేపారు. ఇళ్లు ఎంత మారినా ఆ పిచ్చి కబుర్లు మాత్రం మారలేదు. వాటిలో ఒక్కటీ నేను నమ్మను. నా చేతుల మీద జరిగింది మాత్రం చెబుతాను.

పందొమ్మిది వందల నలభైలలో ఆ ఇళ్ల మరమ్మతులకు నేనే మేస్త్రీని. అప్పుడవి ఒక గది, ఒక వంటిల్లు ఉన్న పెంకుటిళ్లు. పరకాల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు పగలంతా మిల్లులో గజాలకొద్దీ బట్ట తీసి, ఇంటికొచ్చి గది మధ్యలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని మళ్లీ చేమగ్గం నేసేవాళ్లు. మిల్లు బట్ట వాళ్ల ఒంటికి ఆనదట! గుంటలన్నీ పూడ్చి సిమెంటు చేయమని మా ఆఫీసరు హుకుం ఇచ్చాడు. నాకు చేతినిండా పని, నోటినిండా వెటకారం.

మూడో వరుసలో ముత్తయ్య తాత ఒక్కడే అడ్డుపడ్డాడు. ఆయన భార్య లచ్చవ్వ నెల రోజులుగా దవాఖానలో ఉంది. ఆమె కట్టుకుని ఇంటికి రావాలని ఎర్రంచు చీర నేస్తున్నాడు.

"రెండు మూరలే మిగిలింది బిడ్డా. జర రెండు దినాలు ఆగు. మగ్గం మీది బట్టను నడుమల కోస్తే, కట్టుకునేటిదాని పానం దక్కదంటరు."

"నీ చీర కోసం మిల్లు ఆగుతదా తాతా? జరుగు," అన్నాను.

కత్తితో నిలువు పడుగు దారాలన్నీ అడ్డదిడ్డంగా కోసేశాను. మూరేసి చూస్తే పద్నాలుగు. నాతో వచ్చిన మిల్లు చౌకీదారు చేత మళ్లీ కొలిపించాను. పద్నాలుగే. చీరకు పదహారు కావాలి. గుంట పూడ్చేసి, పైన సిమెంటు వేశాను. బట్టను, హుకుం మీరాడనడానికి సాక్ష్యంగా, ఆఫీసు అల్మారాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ముసలాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఆఫీసరు ముందు ఆ మడత విప్పాను. చీర పూర్తయి ఉంది. కొంగు చారలు పడ్డాయి. నేను కోసిన చోట తెగిన దారాల జాడ లేదు, చివరంతా వరుసగా ముళ్లు వేసి ఉంది. కొలిస్తే పదహారు మూరలు.

"నిండు చీర పట్టుకొచ్చి సగం చీరంటవేందయ్యా? పోయి ఇచ్చిరా," అని ఆయన కసిరాడు. చౌకీదారు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను.

తాత అక్కడే ఉన్నాడని విని నేను దవాఖానకు చేరేసరికి లచ్చవ్వ లేదు. తెల్లవారుతుండగా పోయిందట. ముత్తయ్య తాత చీరను ఒళ్లో వేసుకుని వేళ్లతో తడుముతూ ఒకచోట ఆగాడు.

"ఈడిదాంక నా నేత. ఇక్కడికెల్లి నా చెయ్యి గాదు. ఇది లచ్చవ్వ దెబ్బ. ఆమె గట్టిగ కొడ్తది."

నేసేటప్పుడు పోగును బిగించే దెబ్బను బట్టి, బట్ట ఎవరు నేశారో నేతవాళ్లు పోల్చుకుంటారు. నేనూ తడిమి చూశాను. ఆ రెండు మూరలు నిజంగానే దిట్టంగా ఉన్నాయి. నెల రోజులుగా ఆమె చెయ్యి కూడా ఎత్తలేదని అక్కడి నర్సు చెప్పింది.

కొలత తప్పానేమో అనుకుందామంటే ఇద్దరం కొలిచాం. ఎవరైనా తాళం తీశారనుకుందామంటే, తెగిన పడుగు మీద, పూడిన గుంటలో ఎవరు నేస్తారు? ఎన్ని ఏళ్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దయ్యాలున్నాయని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ గదిలో నవ్విన మేస్త్రీని తలచుకుంటేనే నాకు అసహ్యం.

ఆమె మీద ఆ చీర కప్పేటప్పుడు ఒక కొస పట్టమని ముసలాయన నన్నే పిలిచాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది.