పదకొండుసార్లు చెల్లె

మొఘల్‌పురాలో బాలకిషన్ దుకాణం ఎక్కడని ఎవరిని అడిగినా చూపిస్తారు. దారాలు, గుండీలు, జరీ, పూసలు, అంతా టోకు వ్యాపారం. శ్రావణం వచ్చిందంటే సగం శహర్‌కు రాఖీల పట్టుదారం అక్కడి నుంచే పోతుంది. ఊరందరి అన్నాచెల్లెళ్ల ప్రేమనూ కిలోల లెక్కన తూచి ఇచ్చే ఈ పెద్దమనిషి, సరిగ్గా రాఖీ పున్నమి నాడు మాత్రం ఎవరికీ దొరకడు.

తొమ్మిదేళ్లుగా ఇదే వరస. రెండు మూడుసార్లు యాదగిరిగుట్ట మొక్కు. ఒకసారి చికున్‌గున్యా. ఒకసారి ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహానికి ఆర్డరు ఇచ్చి రావాలని పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చాడు. ఒక ఏడాది ఎటూ పోయే వీలు లేక కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు కట్టుకుని కూర్చున్నాడు. అది చూసి జాలిపడి, రాఖీ కట్టడానికొచ్చిన కమల మూడు రోజులు రాగిజావ కాచి తెచ్చింది. దాంతో విరగని చేతికి మూడు వారాలు కట్టు విప్పలేకపోయాడు పాపం.

ఆ దుకాణం ఉన్న ఇంటి పై వాటాలో నేను పద్నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాను. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. తప్పు కనబడితే ఎవరిదైనా సరే ఊరుకోలేను. బాలకిషన్ పారిపోవడం చూసి, రాఖీ కట్టించుకుంటే చీర పెట్టాల్సి వస్తుందని భయం కాబోలు, ఎంతైనా వ్యాపారి కదా అనుకునేవాణ్ని. పక్కవాడి గురించి అంత తేలిగ్గా తీర్పు చెప్పేశాను. నా తప్పులు దిద్దే ఉద్యోగి ఎవరూ లేరు మరి.

కమల ఉండేది సంతోష్‌నగర్‌లో. గౌలిగూడ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆమెదే. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. పన్నెండేళ్ల కింద జాకెట్ గుండీల కోసం వచ్చి, వీధి మలుపు నుంచే "బాలకిషన్ అన్నా!" అని పిలిచింది. అప్పటి నుంచీ అదే పిలుపు. ఈ ఊళ్లో ఒంటరి ఆడది ప్రతి మగాణ్నీ ముందుగానే అన్నను చేసి పెట్టుకుంటుంది. ఆటో నడిపే అతను అన్న, కరెంటు బిల్లు కొట్టే అతను అన్న. ఆ మాట చెవిన పడితే ఎదుటివాడు ఒక అడుగు వెనక్కు జరుగుతాడు. కమలకు అన్నదమ్ములు లేరు కాబట్టి రాఖీ కూడా ఈయనకే కట్టాలని తొమ్మిదేళ్లుగా ముచ్చట పడుతోంది.

బాలకిషన్‌కు యాభై ఒకటి. పెళ్లి కాలేదు. కాకపోవడానికి కారణం లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంటుంది. పేరు నాగమణమ్మ, ఆయన తల్లి. గుమ్మంలో అలికిడైతే చాలు, "ఎవలు రా? మనోళ్లేనా?" అని అరుస్తుంది. అంటే మన కులంవాళ్లేనా అని. ఆ ప్రశ్న దాటి లోపలికొచ్చిన సంబంధం ఇరవై ఏళ్లలో ఒక్కటీ లేదు. ఒకరు మనోళ్లు కారు, ఒకరు మనోళ్లే కానీ ముక్కు మనోళ్లది కాదు. బాలకిషన్ చివరికి ఒకే జవాబు అలవాటు చేసుకున్నాడు. ఎవరొచ్చినా "గిరాకీ అమ్మా" అనేవాడు, సరుకు కొనేవాళ్లని. కమల వచ్చినా అంతే, గిరాకీ.

ఈయనకున్న ఒకే పిచ్చి పాత ఇంగ్లీషు సినిమాలు. ఎవరికీ హక్కుల్లేని బొమ్మలను ఏరి, మైకు అలవాటున్న కమల చేత, నా చేత తెలుగు మాటలు చెప్పించి యూట్యూబ్‌లో పెడతాడు. చూసేవాళ్లు నలభై ముగ్గురు, మాతో కలిపి. ఈ శ్రావణానికి 1931 నాటి ప్రేమ సినిమా ఒకటి పట్టుకొచ్చి "గొడుగు మారింది" అని పేరు పెట్టాడు. హాలీవుడ్ బొమ్మలకు మాటలొచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఈ సినిమా తీసినవాళ్లకు మాత్రం డబ్బులింకా వచ్చినట్టు లేదు. ఉన్నది ఒకటే గది. దాన్నే హోటలన్నారు, ఆసుపత్రన్నారు, హీరోయిన్ ఇల్లన్నారు. గోడ మీద పటం మారుస్తారు, అంతే. హీరో కోపంగా తలుపేస్తే గోడ ఊగుతుంది. అన్నిటికంటే తమాషా పూలకూజా. అప్పటి మైకు కదిలేది కాదట, కూజాలో దాచేవాళ్లట. అందుకని ఎవరికి ప్రేమ పుట్టినా, ఏడుపొచ్చినా ముందు కూజా దగ్గరికి నడిచొచ్చి నిలబడాలి. వానలో గొడుగులు మారిన ఒక పిల్లా పిల్లవాడూ గంటసేపు అక్కడే కొట్లాడుకుని పెళ్లి చేసుకుంటారు. అదీ కథ.

మా స్టూడియో దుకాణం వెనక గది. దారం మూటలు కప్పు దాకా ఉంటాయి కాబట్టి వీధి చప్పుడు పెద్దగా లోపలికి రాదు. ఉన్నది ఒకటే మైకు, దాన్ని స్టూలు మీద పెట్టాం. పోలీసు, వెయిటరు, హీరోయిన్ తండ్రి, కుక్క, ఈ నలుగురూ నేనే. కుక్క బాగా కుదిరిందని కమల మెచ్చుకుంది. ఆమె హీరోయిన్. "నాకు నీ గొడుగు వద్దు, నువ్వే కావాలి" అన్న మాటను, దేవరకొండ బస్సు మరికొద్ది సేపట్లో బయలుదేరును అన్నంత నిబ్బరంగా చెప్పింది. హీరో బాలకిషన్. తన మాటలు మాత్రం మా ముందు చెప్పలేదు. "నేను తర్వాత తీరిగ్గ జెప్పుకుంట" అన్నాడు. తెలుగు చేసిన కాగితాలు కూడా నాకు చూపించలేదు. చూపిస్తే తప్పులు పడతానని.

బొమ్మ యూట్యూబ్‌లోకి ఎక్కాక నాలుగు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. మేం గొప్పగా చేశామనుకున్నాం. తీరా చూస్తే హీరో మొదటి సీనులోనే "ఇగ ఇను చెల్లె, నా గొడుగు నాకియ్యి" అంటాడు. తర్వాత "చెల్లె, నీ కండ్లు మస్తుగున్నయి" అంటాడు. చివర మోకాళ్ల మీద కూలబడి, "చెల్లె, నన్ను పెండ్లి చేసుకుంటవా?" అంటాడు. మొత్తం పదకొండుసార్లు. "ఇద్దరూ ఒక్క తల్లి పిల్లలేనా? క్లారిటీ ఇయ్యండి అన్నా" అని ఒకడు కింద రాశాడు. సోదర ధర్మ పరిరక్షణ సమితి పేరుతో నలుగురు మనుషులు, ఒక బ్యానరు దుకాణం మీదికొచ్చారు. ఈ రాష్ట్రంలోని చెల్లెళ్లందరికీ క్షమాపణ చెప్పాలన్నారు. చెప్పాడు. వెళ్తూ వెళ్తూ ఇంట్లో చెల్లెళ్ల కోసమని రెండు డజన్ల రాఖీలు టోకు ధరకు పట్టుకుపోయారు.

నాగమణమ్మ కూడా ఫోనులో బొమ్మంతా చూసింది. "గా తెల్ల పోరడు ఆఖరికి చెల్లెనైన చేసుకుండు. నువ్వు ఎవ్వల్నీ చేసుకోకపోతివి" అంది.

నేను కోపంతో కిందికి దిగాను. "బాలకిషన్ గారూ, ఏమిటండీ ఈ ఘోరం?"

"ఆడ ఇంగ్లీషుల సిస్టర్ అనే ఉంది సారూ! సిస్టర్ అంటే చెల్లె గాదా?"

"ఆ దేశంలో ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియని పిల్లను అట్లా పిలిచేవాళ్లు. మనం ఆటోవాణ్ని అన్నా అనమూ? అన్నంత మాత్రాన మన అమ్మ కన్నదా? మాటవరసకు పిలుస్తాం."

బాలకిషన్ చేతిలోని దారపు ఉండ బల్ల మీద పెట్టాడు.

"అంటే, సిస్టర్ అని పిలిచినా పెండ్లయితదా సారూ?"

"అయింది కదా సినిమాలో."

"గట్లయితే..." అని ఆగాడు. "అన్నా అని పిలిస్తే?"

అప్పుడర్థమైంది నాకు. యాదగిరిగుట్ట, చికున్‌గున్యా, విరగని చేతి కట్టు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. తొమ్మిదేళ్లు ఒక మనిషి మనసును పిసినారితనం అనుకున్నందుకు సిగ్గేసింది. "ముందు సినిమా దిద్దుదాం పట్టండి" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం మళ్లీ వెనక గదిలో చేరాం. వచ్చే శుక్రవారమే రాఖీ పున్నమి. "చెల్లె తీసేస్తే గా జాగల ఏం బెడదాం అన్నా?" అంది కమల. నేను "ఓ సుందరీ" అన్నాను. ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మేడం అంటే బ్యాంకులా ఉంది. పిల్లా అంటే సమితివాళ్లు మళ్లీ వస్తారు. పైగా తెర మీద వాడి నోరు రెండు అక్షరాలకు మించి కదలదు.

"మా అమ్మ మా నాయన్ను ఎన్నడు పేరు బెట్టి పిలవలే, ఏ వరస బెట్టి పిలవలే" అంది కమల. "'ఇగో' అంటుండె. గంతే. ఇంట్ల ఎంతమందున్నా మా నాయన ఒక్కడే తిరిగి చూస్తుండె. గదే బెట్టు."

బాలకిషన్ మైకు మీదికి వంగి "ఇగో" అన్నాడు.

"మైకుతోని గాదు అన్నా, నన్ను జూసి చెప్పు. నువ్వొక్కనివే చెప్పుకున్నవు గనకనే తప్పు వడ్డది."

ఆమెను చూసి చెప్పాడు. ఒకటి, రెండు, అయిదు. మధ్యలో మసీదు మైకు నుంచి అజాన్ వినిపిస్తే ఆగి, అది పూర్తయ్యాక మళ్లీ మొదలుపెట్టాం. పదకొండోది మిగిలింది. "ఇగో... నన్ను పెండ్లి చేసుకుంటవా?" అన్నాడు బాలకిషన్. సినిమాలో ఆ అమ్మాయి టక్కున ఒప్పుకుంటుంది. కమల కాగితం చూస్తూ ఉండిపోయింది. తెర మీది పెదాలు కదిలి ఆగిపోయాయి.

"గా జవాబు పాతదే ఉండని" అని ఆమె బ్యాగు సర్దుకుని లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "శుక్రారం యాడికి పోకు అన్నా, నేనొస్త" అని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న కిందికొచ్చేసరికి గుమ్మం పక్కన బట్టల సంచి సర్ది ఉంది. బాలకిషన్ మాత్రం గల్లా ముందు కూర్చున్నాడు. కుడిచేతి చొక్కా మోచేతి దాకా మడిచి ఉంది.

"గుట్టకు పోవడం లేదా?" అన్నాను.

"ఎన్నేండ్లు ఉరుకుత సారూ? కడితే కట్టనీ. పన్నెండేండ్ల సంది అన్నా అన్నది. గా ఒక్క మాట ధైర్యంతోనే నా దుకాణం మెట్లెక్కుతది. గా ధైర్యం నేనెట్ల గుంజుకోవాలె?"

ఆయన మీద నాకున్న కోపాలూ వెటకారాలూ అన్నీ అక్కడితో చచ్చిపోయాయి. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పది దాటాక వాన పట్టింది. రోజూ వీధి మలుపు నుంచే వినబడే పిలుపు ఆ రోజు వినబడలేదు. గొడుగు ముడుస్తూ కమల మెట్టెక్కితే గానీ వచ్చినట్టు మాకు తెలియలేదు. బాలకిషన్ తల దించుకుని కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఆమె చేతిలో రాఖీ లేదు, మిఠాయి డబ్బా లేదు. నీళ్లు కారుతున్న గొడుగు ఒక్కటే ఉంది.

"ఇగో" అంది.

ఇన్నేళ్లు బస్టాండంతా వినేలా ఊళ్ల పేర్లు తడబడకుండా చదివిన గొంతు ఆ రెండు అక్షరాల దగ్గర వణికింది.

నా వైపు చూడలేదు. "నా మాట ఇంటున్నరా?" అంది మళ్లీ.

బాలకిషన్ తలెత్తాడు. చాపిన చెయ్యి అట్లాగే ఉంది, వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "ఎవలు రా?" నాగమణమ్మ గొంతు. "మనోళ్లేనా?"

"మనోళ్లే అమ్మా" అన్నాడు బాలకిషన్.