ఆరు రోజులు ఒకటే అంగీ

ఛత్రినాకలో నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. మేము తీసిన తొమ్మిది నిమిషాల సినిమాలో దుకాణదారుడి వేషం ఆయనే వేశాడు. వేషం అనడం కూడా ఎక్కువే. రోజూ కూర్చునే గల్లా వెనకే కూర్చున్నాడు.

కెమెరా పట్టింది మొఘల్‌పురాలో పెళ్లి వీడియోలు తీసే నా స్నేహితుడు. కథ చిన్నది. ఒక మనిషి టిఫిన్ డబ్బా ధర అడుగుతాడు, ఎక్కువని కొనకుండా వెళ్లిపోతాడు. అతను వెళ్లిపోతేనే కథ. జనం రాకముందే ముగించాలని పొద్దున ఏడింటికి షట్టరు ఎత్తించాం. పొరపాటు అక్కడే జరిగింది. మా నటుడు ఆ రోజుకు మొదటి గిరాకీ అయ్యాడు.

అతను వెనక్కి తిరగగానే నాన్న పిలిచాడు. "ఆగు, ఆగు. నీకెంతల వడాలె చెప్పు." ధర తగ్గించి డబ్బా చేతిలో పెట్టేశాడు.

"బాపూ, ఆయన కొనొద్దు. పోవాలె."

"బోణీ కాకుండ ఎట్ల పోతడ్రా? పొద్దుగాల్నే వచ్చిన మనిషిని ఉత్తచేతులతోని పంపిస్తరా ఎవలన్న?"

"ఇది సినిమా బాపూ."

"సినిమా నీది. దుకాణం నాది."

ఆరు టేకులు తీశాం. ఆరుసార్లూ పిలిచాడు, ప్రతిసారీ ఇంకాస్త తగ్గించాడు. నా స్నేహితుడు నవ్వు ఆపుకోలేక కెమెరా దించేశాడు. "చాచా, ఇంకొక్క టేకైతే ముఫత్ల ఇచ్చేటట్టున్నవ్!"

సాయంత్రం చూసుకుంటే మా కథ కంటే ఆ ఆరు టేకులే బాగున్నాయి. వాటినే ఆరు రోజులుగా చేద్దామనుకున్నాం. ఒకే మనిషి రోజూ వస్తాడు, ధర రోజూ తగ్గుతుంది, ఆరో రోజు కొంటాడు. నాన్నకు చెబితే ఒక్కటే అడిగాడు.

"జనం నవ్వుతరా?"

"నవ్వుతరు బాపూ."

ఆ తర్వాత అన్నం తినేటప్పుడు, దుకాణం మూసేటప్పుడు, గుర్తొచ్చినప్పుడల్లా అదే అడిగేవాడు. నేను అదే జవాబు చెప్పేవాణ్ని. ఎడిటింగ్ పూర్తికాకముందే ఆయన గుండె ఆగిపోయింది. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను. ఏ ఆధారమూ లేకుండా నేను ఇచ్చిన ఆ జవాబు మాత్రం మిగిలిపోయింది. అది నిజమో కాదో తెలియాలి.

లింకు పంపితే ఫోన్లలో ఎవరూ తొమ్మిది నిమిషాలు చూడరు. అందుకే మా బస్తీ కమ్యూనిటీ హాలు అడిగాం. మాదన్నపేట మార్కెట్ దాకా నాలుగు ఫ్లెక్సీలు కట్టించాలనుకున్నాం. ఫ్లెక్సీ వేసే అతనికి నాన్న ఫొటో, సినిమా పేరు, "ఆదివారం పదకొండు గంటలకు అందరూ రావాలి" అన్న మాట పంపి, మిగతాది నువ్వే చూసుకో అన్నాను. అతను చూసుకున్నాడు. కట్టాక చూస్తే ఫొటోకు అటొక దీపం, ఇటొక దీపం, చుట్టూ పూలు. సినిమా పేరేమో కింద ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంది.

"ఫొటో చూసి గట్లనే అనుకున్న అన్నా," అన్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. చాలామంది తెల్లబట్టల్లో వచ్చారు. ముగ్గురు దండలు తెచ్చారు. నాన్న పక్క దుకాణం పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మంచి పని చేస్తున్నవ్ బిడ్డా. ఫొటో ఏడ వెట్టిన్రు?"

"ఫొటో కాదు పెదనాయనా. సినిమా."

"అట్లనే, అట్లనే," అని నా భుజం తట్టి వెళ్లి కూర్చున్నాడు. బాధలో ఏదో మాట్లాడుతున్నానని అనుకున్నట్టున్నాడు.

అమ్మ ముందు వరుసలో కూర్చుంది. లైట్లు ఆర్పాం. గోడ మీద నాన్న కనబడగానే చీర కొంగులు కళ్ల మీదకు వెళ్లాయి. మొదటి రోజు బేరం అయింది, ఎవరూ నవ్వలేదు. రెండో రోజు అంతే. మూడో రోజు నా స్నేహితుడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నాన్నకు అబద్ధం చెప్పాననుకున్నాను.

నాలుగో రోజు మొదలవగానే అమ్మ గొంతు వినిపించింది. పక్కనున్న ఆమెతో చెబుతోంది గానీ హాలంతా వినబడింది.

"నాలుగు దినాల సంది ఒక్కటే అంగి! చూసెటోళ్లు ఏమనుకుంటరు, నేను బట్టలు ఉతుకుతలేననా?"

ఎడిటింగ్‌లో మేమిద్దరం ఆ సినిమాను ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ అంగీ ఒక్కసారీ తట్టలేదు.

వెనక నుంచి పెద్దాయన అందుకున్నాడు. "బేరం పడితె ఆయనకు అంగి యాదికుంటదా చెల్లె?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వరుసంతా నవ్వింది. ఐదో రోజు నాన్న ఇంకా నోరు తెరవకముందే, ఆ నీలం చారల అంగీ కనబడగానే హాలంతా నవ్వింది. ఆరో రోజు ఆయన ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు.

లైట్లు వేశాం. దండలు తెచ్చినవాళ్లు వాటిని ఎక్కడ వేయాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని ఇంకా నవ్వుతున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

"మల్ల ఏయ్‌రా," అంది. "మీ లొల్లిల ఆయన మాటొక్కటి ఇననియ్యలే."

మళ్లీ వేశాం. రెండోసారి కూడా వినబడలేదు.