మూడో నంబరు కంప్రెసర్ ఈల

గత నెల పదకొండో తేదీ ఉదయం రంగుల షెడ్డులో మూడో నంబరు కంప్రెసర్‌కు ఉన్న సేఫ్టీ వాల్వ్‌ను ఊడదీసి, ఆ రంధ్రంలో ఒక బోల్టు బిగించారు. ఆ యంత్రాన్ని నడపనని చెప్పిన ఉద్యోగిని అదే మధ్యాహ్నం సస్పెండ్ చేశారు. బోల్టు బిగించమని ఆదేశించినవారిపై నేటి వరకు ఏ చర్యా లేదు.

సదరు ఉద్యోగిని షెడ్డులోనూ, షెడ్డున్న వీధిలోనూ అందరూ ఈలక్క అంటారు. వయసు యాభై రెండు. తలుపులకు, కిటికీలకు, ఇనుప గేట్లకు స్ప్రే రంగు వేయడం ఆమె వృత్తి. రంగు చిమ్మే గన్నుకు గాలినందించే కంప్రెసర్ ఆమె పనిముట్టు. అడ్డంగా పడుకున్న సిలిండరు లాంటి ట్యాంకు, దాని వీపున మోటారు, వెనక రెండు చక్రాలు, ముందు లాగేందుకు ఒక పిడి. ఇళ్ల దగ్గర పనులుంటే దాన్ని బండిలో ఎక్కించుకుని పోతుంది, లేకపోతే షెడ్డులోనే నడుపుతుంది. చూడడానికి ఆ యంత్రం మొండికేసిన దూడలా ఉంటుంది. ఆమె కూడా దాన్ని అలాగే చూసుకుంటుంది.

"ఏరా, బాగా పడుకున్నావా? కడుపులో నీళ్లేమైనా ఉన్నాయా?" అని అడగనిదే దాని మీద చెయ్యి వేయదు.

ఎనిమిదింటికి షెడ్డు తలుపు తీస్తారు. అక్కడి నుంచి పది నిమిషాల పాటు ఆమెను పలకరించి లాభం లేదు. యంత్రాన్ని రంగు ఆవిరి తగలని చోట, గాలి ఆడే చోట, చదునైన నేల మీద నిలబెడుతుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు దోపుతుంది. వంగి, గాజుబిళ్లలో నూనె ఎక్కడిదాకా ఉందో చూస్తుంది. గొట్టాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ల మధ్య జారనిస్తూ పగుళ్లు వెతుకుతుంది, అతికిన చోటల్లా ఒక గుంజు గుంజుతుంది. కళ్లకు అద్దాలు, చెవులకు మోతనాపే మఫ్‌లు తగిలించుకుంటుంది. ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లోకే పోవాలి; మధ్యలో అతుకుల వైరు కనిపిస్తే ఆ వైరు తెచ్చినవాడికి ఆ పూటకు సరిపడా చీవాట్లు. ఆ తరువాతే స్విచ్చు. గాలి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు మెల్లగా ఎక్కి ఎనిమిది దగ్గరకు రాగానే మోటారు తనంతట తానే ఆగాలి. ఆగిందని నమ్మకం కుదిరాక, మొహం పక్కకు తిప్పుకుని, సేఫ్టీ వాల్వ్ ఉంగరాన్ని ఒక్క క్షణం లాగి వదులుతుంది.

కుయ్య్‌య్!

ట్యాంకులో గాలి మోతాదు మించితే ఆ వాల్వ్ దానంతట అదే తెరుచుకుని గాలిని బయటికి వదలాలి. అది బిగుసుకుపోలేదని రోజూ తేల్చుకోవడానికే ఆ ఈల. ఆమె ఉద్దేశంలో దానికి ఇంకే ప్రయోజనమూ లేదు. వీధి మాత్రం తనకు తోచిన ప్రయోజనాలన్నీ కల్పించుకుంది. ఈల వినగానే క్షౌరశాల షట్టరు లేస్తుంది. ఎదురింటి లెక్కల టీచరు చెప్పులు వేసుకుంటుంది. నాలుగిళ్ల అవతల గడియారాలు బాగుచేసే ఆయన తన కొట్టులోని పదమూడు గడియారాలనూ ఎనిమిదీ పదికి తిప్పుతాడు. ఆయన ఈలక్క భర్త.

"పేరుకు గడియారాల డాక్టరు," అని క్షౌరశాల ఆయన రోజూ ఎగతాళి చేస్తాడు. "టైము కావాలంటే పెళ్లాం కూత పెట్టాలి."

"మీ ఆవిడ అరిస్తే నీ కొట్టు మూతపడుతుంది. మా ఆవిడ కూస్తే తెరుచుకుంటుంది. తేడా చూసుకో," అని ఈయన భూతద్దం కంటికి బిగించుకునే జవాబిస్తాడు.

ఈలక్క పుట్టుకతో జాగ్రత్తపరురాలు కాదు. ఇరవై నాలుగేళ్ల కిందట తలుపులకు గరుకుకాగితం పట్టే పనిలో చేరింది. ఒక రోజు ముసలి మెకానిక్ సెలవు పెడితే కంప్రెసర్ ఆమె చేతికొచ్చింది. పని ముగిశాక, ట్యాంకు నిండా గాలి ఉండగానే గొట్టం ఊడబీకింది. గొట్టం బుసకొట్టి లేచింది. షెడ్డంతా ఎగిరెగిరి నాట్యమాడి, ఎర్ర రంగు డబ్బాను తన్ని, మర్నాడు పెళ్లివారింటికి పోవాల్సిన మూడు తెల్ల తలుపులనూ, వాటిని మురిపెంగా చూస్తూ నిలబడిన అప్పటి యజమానినీ సమానంగా తడిపింది. ఆయన ఒక చెంప వారం రోజులు ఎర్రగానే ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది అదృష్టమే తప్ప మరొకటి కాదని ఆమె ఇవాళ్టికీ ఒప్పుకుంటుంది.

మర్నాడు ముసలి మెకానిక్ కేకలు వేయలేదు. "స్విచ్చు ఆపు. ప్లగ్గు పీకు. గాలి వదిలి ముల్లు సున్నాకి రానీ. అప్పుడు గొట్టం ముట్టుకో. మధ్యలో ఎక్కడైనా నీకు తొందర పుట్టిందనుకో, వెళ్లి మంచినీళ్లు తాగి రా అమ్మా," అన్నాడు. ఆ తరువాత ట్యాంకు కింద కుళాయి తిప్పి, గాలిలోని తేమంతా దిగి చేరిన తుప్పునీళ్లను ఒక మగ్గులో పట్టి చూపించాడు. రోజూ వదలకపోతే ఆ నీళ్లు ఇనుమును లోపలి నుంచి తినేస్తాయన్నాడు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆ మగ్గు నిండుతూనే ఉంది. ఆ మొదటి సంవత్సరం ఆమె ఎన్ని మంచినీళ్లు తాగిందో ఆమె అత్తగారికి బాగా జ్ఞాపకం.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో తేదీన మూడో నంబరు ముల్లు ఎనిమిది దగ్గర ఆగలేదు. తొమ్మిదికి ఎక్కింది, పదికి ఎక్కింది. పది దగ్గర సేఫ్టీ వాల్వ్ తనంతట తాను తెరుచుకుని వీధి అదిరిపోయేలా కూసింది. ఈలక్క వెంటనే స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, మోటారును ఆపే ఆటోమేటిక్ స్విచ్చు చెడిపోయింది, మార్చమని కాగితం రాసి ఇచ్చింది. కాగితం అందుకున్నది సూపర్‌వైజరు. మీసాలాయన అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. మర్నాడు స్విచ్చు మార్చకుండానే ఆయన యంత్రాన్ని తానే నడిపించాడు. అది నాలుగుసార్లు కూసింది. నాలుగోసారి ఆయన టీ ఒలికి మీసం తడిసింది. ఆ సాయంత్రం రిజిస్టరులో ఆయన చేతిరాతలో ఉన్న వాక్యం ఇది: "వాల్వ్ లోపం. అనవసరంగా లీకవుతున్నది."

ప్రమాదముందని అరిచి చెప్పినదాన్నే ప్రమాదంగా నమోదు చేశారు. పదకొండో తేదీ ఉదయం దాని నోట్లో బోల్టు కుక్కారు.

ఆ రోజు ఎనిమిదీ పదికి ఈల వినపడలేదు. క్షౌరశాల ముందు సగం గడ్డంతో ఒక మనిషి నిలబడిపోయాడు. ఇంట్లో సగం గీసేసరికి బ్లేడు విరిగి, మిగతా సగానికి వచ్చాడట. లెక్కల టీచరుకు జీవితంలో మొదటిసారి ఆలస్యమైంది. గడియారాల కొట్టులో పదమూడు ముళ్లూ పదమూడు అభిప్రాయాలు వెలిబుచ్చాయి. ఎనిమిదిన్నరకల్లా వీధి సగం షెడ్డు గుమ్మంలో ఉంది. చెవులు సరిగా వినపడని అత్తగారు కూడా కర్ర పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఇవాళ నీ దూడ అరవలేదేం?"

"దాని నోట్లో బోల్టు పెట్టారత్తయ్యా."

"ఎవరూ?"

ఈలక్క వేలెత్తి చూపించలేదు. వీధి మొత్తం మీసాలాయన వైపు తిరిగింది. న్యాయభాషలో చెప్పాలంటే, ఒక నిశ్శబ్దానికి నలభై మంది ప్రత్యక్ష సాక్షులు దొరకడం అరుదు.

మీసాలాయన యంత్రం నడపమన్నాడు. ఆమె కుదరదంది. మధ్యాహ్నం సస్పెన్షన్ కాగితం చేతికిచ్చారు. అందులో ఆరోపణలు మూడు: ఆజ్ఞను ధిక్కరించుట, ప్రతిదినము పది నిమిషముల కాలము వృథా చేయుట, యంత్రముతో అనవసర సంభాషణ జరుపుట. మూడోది చదివి భర్త భూతద్దం జారవిడిచాడు.

"ఇంట్లో నాతో మాట్లాడితే ఏ సెక్షను కింద పెడతారోయ్?"

"మీరు ఎదురు చెబుతారు కదండీ. మీతో సంభాషణ అవసరమైనదే."

మేనేజరు గదిలో పద్దెనిమిదో తేదీన విచారణ జరిగింది. సస్పెన్షన్ మీద సంతకం చేసిన మేనేజరే విచారణాధికారిగా కూర్చున్నాడు. దానిపై అభ్యంతరం విడిగా దాఖలైంది. మీసాలాయన ఒక పక్క, రాసుకునే గుమస్తా ఒక పక్క. మేనేజరుది చక్రాల కుర్చీ, ఆఫీసుల్లో గుండ్రంగా తిరిగే రకం.

"రోజూ పది నిమిషాలు వృథా చేస్తున్నావా, లేదా?"

"పది నిమిషాలు నిజమేనండీ. వృథా అన్నది మీ మాట."

"యంత్రంతో మాట్లాడతావట."

"అది వింటుందండీ."

గుమస్తాకు దగ్గు వచ్చింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అసలు గొడవేమిటి? కొత్త స్విచ్చు వచ్చేదాకా రెండు రోజులు బోల్టుతో నడిపితే ఏమైపోతుంది?"

గుమస్తా ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాశాడు. లోపం వాల్వ్‌లో కాదు, స్విచ్చులోనే ఉందని తమకు ముందే తెలుసునని యాజమాన్యం స్వయంగా అంగీకరించిన వాక్యం అది. విచారణ నమోదు పుటలో ఏడో వరుసలో ఉంది.

"ఏమీ కాదంటారు. అయితే యంత్రాన్ని ఇక్కడికే తెప్పించండి సార్. మీ పక్కనే పెడదాం," అంది ఈలక్క.

మీసాలాయన దాన్ని దొర్లించుకొచ్చాడు. ఆమె తన క్రమంలో ఒక్కటీ వదల్లేదు. నేల చదునుగా ఉందా చూసింది, చెక్కముక్కలు దోపింది, నూనె చూసింది, గొట్టం తడిమింది, అద్దాలు పెట్టుకుంది. కరెంటు వైరు చుట్టను ఎడమ భుజానికి తగిలించుకుంది. కుడిచెయ్యి స్విచ్చు మీద పెట్టింది.

"మోటారు తనంతట ఆగదు, వాల్వ్ లేదు. వెయ్యమంటారా?"

"ఉండుండు," అని మేనేజరు కాళ్లతో నేలను తన్నాడు. కుర్చీ ఒక గజం వెనక్కి పోయింది.

"ఇప్పుడు వెయ్యమంటారా?"

కుర్చీ బీరువా దాకా పోయింది. మీసాలాయన అప్పటికే బీరువా వెనక ఉన్నాడు. ఇద్దరికీ చోటు చాలలేదు.

"అది నా చోటయ్యా, జరుగు!"

"నేను ముందొచ్చాను సార్!"

"గుమస్తాగారూ, కుర్చీ ఎక్కడిదాకా పోయిందో రాసుకోండి," అంది ఈలక్క. గుమస్తా మేజా కింద నుంచి చెయ్యి మాత్రం పైకి పెట్టి రాస్తున్నాడు. "సార్, చక్రాలకు చెక్కలు పెట్టుకోలేదు మీరు. అందుకే జారిపోతున్నారు. ఇక వెయ్యమంటారా?"

కుర్చీ గుమ్మం దాటింది. వరండా కాస్త ఏటవాలు. విచారణాధికారి విచారణ మధ్యలో మొక్కల కుండీల వరసదాకా ప్రయాణించి, రెండో కుండీని ఢీకొని ఆగాడు. కిటికీ బయట గుమిగూడిన వీధి చప్పట్లు కొట్టింది. "వద్దు! వద్దు! వెయ్యొద్దు!" అన్న కేక అక్కడి నుంచి వచ్చింది. నలభై మంది విన్నారు. గుమస్తా రాశాడు.

అప్పుడు ఈలక్క భుజం మీది వైరు చుట్ట విప్పి, కొసనున్న ప్లగ్గును పైకెత్తి చూపించింది. మొదటి నుంచీ అది ఆమె భుజం మీదే ఉంది. వాల్వ్ లేని యంత్రానికి నవ్వులాటకైనా కరెంటు ఇవ్వదు ఆమె.

"నేను కూడా ఇదే అన్నాను సార్ ఆ రోజు. వెయ్యను అన్నాను. నన్ను సస్పెండ్ చేశారు."

ఆ సాయంత్రం ఇంట్లో భర్త స్టూలెక్కి కూర్చుని మేనేజరు ప్రయాణాన్ని మూడుసార్లు ప్రదర్శించాడు. అత్తగారు నాలుగోసారి కూడా అడిగింది. నవ్వి నవ్వి ఆవిడకు ఎక్కిళ్లు పట్టాయి. ఈలక్క నీళ్లిస్తూ, "తొందరపడకండత్తయ్యా, మెల్లగా తాగండి," అంది. ఆ మాటకు ఆమెకూ నవ్వు ఆగలేదు.

నాలుగు రోజుల తరువాత మీసాలాయన ఈలక్క ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. మిగతా పెయింటర్లెవరూ మూడో నంబరును ముట్టుకోవడం లేదు. "అయిందేదో అయింది అక్కా, రేపట్నుంచి వచ్చెయ్," అన్నాడు.

"వాల్వ్ పెట్టారా?"

"పెడతారులే."

"కాగితం వెనక్కి తీసుకున్నారా?"

"నోటిమాట చాలదా అక్కా?"

"నోటిమాటతో సస్పెండ్ చేశారా?"

ఆయన మీసం నిమురుకుని వెళ్లిపోయాడు. ఈలక్క ఇంకా ఇంట్లోనే ఉంది. బోల్టు ఇంకా రంధ్రంలోనే ఉంది.

కనుక షెడ్డు యజమానులకు, మేనేజరుకు, సూపర్‌వైజరుకు ఇది నేరుగా చెబుతున్న మాట. మూడో నంబరు నుంచి బోల్టు తీసి, ఆ యంత్రానికి తగిన కొత్త సేఫ్టీ వాల్వ్, కొత్త ఆటోమేటిక్ స్విచ్చు అమర్చండి. మిగతా యంత్రాలనూ తెలిసినవారి చేత పరీక్ష చేయించి, ఫలితాన్ని షెడ్డు గోడకు అంటించండి. సస్పెన్షన్ ఉత్తర్వును నోటితో కాదు, సంతకంతో, ముద్రతో రద్దు చేయండి. మూడో ఆరోపణను విడిగా పేర్కొని ఉపసంహరించుకోండి. "వాల్వ్ లోపం" అని రాసిన పుటలోనే, దాని కిందే, లోపం ఎక్కడుందో, ఎవరు మూసిపెట్టమన్నారో సరిదిద్ది రాయండి. ఆ పది నిమిషాలను పనివేళల్లో భాగంగా ప్రకటించండి. గడువు వచ్చే సోమవారం ఉదయం ఎనిమిది గంటలు. ఎనిమిదీ పదికి వీధి గుమ్మాల్లో నిలబడి ఉంటుంది. మీ కుర్చీని ఎక్కడిదాకానైనా జరుపుకోండి, అభ్యంతరం లేదు. ఆ ఈల మాత్రం మాకు వినపడాలి.